నీడపట్టున నాలుగక్షరాలు

ఉగాది వెళ్ళింది. ఎండలు ముదిరాయి. చెరువులు ఎండి నెర్రెలు విచ్చాయి. చెనక్కాయ చేలు బోసిగా ఉన్నాయి.

అనంతపురం సీమకు వాన తక్కువ. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే నీళ్ళు కుమ్మరిస్తాయి. ఇటు వచ్చేసరికి తేలికైపోతాయి. ఈశాన్య మేఘాలు బంగాళాఖాతం నుంచి వస్తాయి. ఇంత లోపలికి వచ్చేసరికి వాటి బలమూ తగ్గుతుంది. అందుకే ఇక్కడ ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానే పడుతుంది. ఏడాదంతా పడిన నీళ్ళు ఇంకకుండా నిలిచినా రెండడుగుల లోతు ఉండవు. 2022 ఏప్రిల్‌లో పాత అనంతపురం జిల్లా రెండయింది. ఒకటి అనంతపురం జిల్లా. రెండోది శ్రీ సత్యసాయి జిల్లా. జిల్లాలు రెండయినా ఎండ ఒక్కటే.

ఈ ఎండాకాలంలోనే పిల్లలకు బడి సెలవులు. దాదాపు ఏడు వారాలు. పెద్దలు పనికి పోతారు. పిల్లలు ఇంట్లో ఉంటారు. లేదంటే ఎండలో తిరుగుతారు. ఈ ఏడు వారాలు ఒక ఇల్లు ఎలా గడిపిందో చూడండి.

మరిచిన వత్తు

కదిరికి దగ్గరలో ఒక పల్లె. అందులో ఒక ఇల్లు. ఇంట్లో అవ్వ, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు. పాప ఏడో తరగతి. పిల్లోడు మూడో తరగతి. కోడలు చిన్నప్పుడు బడికి పోలేదు. పెళ్ళయ్యాక రాత్రిబడిలో చదువు నేర్చుకుంది.

ఒకరోజు తల్లీ కూతురూ చుట్టాలింటికి బయలుదేరారు. కదిరి బస్టాండుకు వచ్చారు. తనకల్లు బస్సు ఎక్కాలి. ఒక బస్సు వచ్చి నిలబడింది. తల్లి బోర్డు చూసింది. మొదటి అక్షరం 'త'. తలుపుల బస్సుకూ మొదట 'త'నే. తనకల్లు బస్సుకూ 'త'నే. చివరి అక్షరం కింద ఏదో వత్తు ఉంది. అదేమిటో గుర్తు రాలేదు. ఆలోచించేలోపల బస్సు కదిలిపోయింది.

"అమ్మా, అదే తనకల్లు బస్సు! 'ల' కింద 'ల' వత్తు గదా!" అంది పాప.

తల్లికి సిగ్గేసింది. "రాత్రిబడి మూసి రెండు నెలలాయె. పలక ముట్టుకున్న పాపాన పోలేదు. నేర్చిందంతా చెరువు మాదిరి ఎండిపోతా ఉండాది" అంది.

ఇంటికి వచ్చాక ఇంకో సంగతి తోచింది. రెండు నెలలకే తన చదువు ఇట్లయితే, ఏడు వారాల సెలవుల్లో పిల్లల చదువు ఏమవుతుంది? పాప పుస్తకాలు అప్పటికే అటకెక్కాయి.

తల్లి వాటిని కిందికి దింపింది. దుమ్ము దులిపింది.

"పాపా, నాకు నువ్వు చదువు చెప్పు. పొద్దున అరగంట, సందకాడ అరగంట. నీకూ మరుపు రాదు. నాకూ మరుపు రాదు" అంది.

పాప నవ్వింది. "తప్పు చదివితే గోడకుర్చీ వేయిస్తా" అంది.

చింతగింజలతో లెక్కలు

ఎండాకాలం చింతపండు కాలం. హిందూపురం సంతకు బండ్ల కొద్దీ చింతపండు వస్తుంది. పల్లెల్లో ఆడవాళ్ళు కాయలు కొట్టి, గింజ తీసి, పండు వేరు చేస్తారు. కిలోకు ఇంత అని కూలి.

ఆ వీధి ఆడవాళ్ళంతా కానుగ చెట్టు కింద కూర్చుని పండు కొడుతున్నారు. తల్లి పాపకు ఒక నోటుబుక్కు ఇచ్చింది.

"ఎవరు ఎన్ని కిలోలు కొట్టినారో ఇందులో రాయి. కూలి ఎంత రావాలో లెక్క కట్టు."

పాప రాసింది. తల్లి చదివింది. వారం తిరిగాక వ్యాపారి వచ్చాడు. ఒకామెకు నాలుగు కిలోలు తగ్గించి చెప్పాడు. తల్లి నోటుబుక్కు తెరిచి చూపించింది. వ్యాపారి తన చీటీ మళ్ళీ చూసుకున్నాడు. నాలుగు కిలోల కూలి కలిపి ఇచ్చాడు. మరునాటి నుంచి ఇంకో నలుగురు ఆడవాళ్ళు పలకలు తెచ్చుకున్నారు.

చిన్నపిల్లలకు ఆ గింజలే ఆట. నేల మీద రెండు వరసలు. వరసకు 7 గుంతలు. మొత్తం 14 గుంతలు. గుంతకు 5 గింజల చొప్పున పోశారు. "మొత్తం ఎన్ని?" అని అడిగింది తల్లి. పిల్లోడు వేళ్ళు మడిచాడు. మళ్ళీ మడిచాడు. "డెబ్బై!" అన్నాడు. వామనగుంటలు ఆడితే ఎక్కాలు వాటంతట అవే వస్తాయి. ఆట నీడలోనే. ఎండదెబ్బ భయం లేదు.

సందకాడ అవ్వ వంతు. అవ్వకు అక్షరం రాదు. కానీ వేమన పద్యాలు బోలెడు నోటికి వచ్చు. వేమన సమాధి కదిరికి దగ్గర్లోని కటారుపల్లెలో ఉంది. ఆయన పద్యాలు చాలాకాలం తాటాకుల మీద, జనం నోళ్ళలో బతికాయి. బ్రౌన్ దొర వాటిని పోగుచేసి 1829లో అచ్చు వేయించాడు.

అవ్వ పద్యం చెబుతుంది. పాప రాస్తుంది. తల్లి చదువుతుంది. చదివింది తప్పయితే అవ్వ పట్టుకుంటుంది. "అట్ల కాదే, ఇంకోసారి చూడు" అంటుంది. చదువు రాని అవ్వ కూడా ఆ ఇంట్లో పంతులమ్మే.

కుంట దగ్గర రాసిన మాట

ఒక మధ్యాహ్నం పిల్లోడు ఇంటికి వచ్చాడు. జుట్టు తడిగా ఉంది. అవ్వ చూసి గుండె బాదుకుంది. తల్లి వాణ్ణి కొట్టలేదు. "యాడికి పోయింటివో చూపించు" అంది.

వాడు ఒక సేద్యపు కుంట దగ్గరికి తీసుకుపోయాడు. లోపలంతా నల్ల ప్లాస్టిక్ పట్ట పరిచి ఉంది. నీళ్ళు ఇంకిపోకుండా రైతులు అలా పరుస్తారు. తల్లి ఒడ్డున తడి పట్ట మీద పాదం మోపింది. సర్రున జారింది. పక్కనున్న గట్టు పట్టుకుని నిలదొక్కుకుంది. ఒళ్ళు జలదరించింది. ఈత వచ్చినవాళ్ళు కూడా ఈ పట్ట మీద పట్టు దొరకక పైకి ఎక్కలేరు.

ఆ సాయంత్రం ఆడవాళ్ళు కలిసి రైతును అడిగారు. రైతు కుంట చుట్టూ కంప నాటాడు. నాలుగు దిక్కులా గట్టి గుంజలు పాతి, నీళ్ళలోకి తాళ్ళు వేలాడదీశాడు. తల్లి ఒక బండ మీద సున్నంతో రాసింది.

"లొతు ఉంది. జారుతుంది. పిల్లలు దిగరాదు."

"అమ్మా, 'లొతు' కాదు. 'లోతు'. దీర్ఘం ఉండాల" అంది పాప. తల్లి దీర్ఘం దిద్దింది. ఊరందరూ చదివేలా ఆమె రాసిన మొదటి మాట అదే.

అదే దారిలో ఎండిపోయిన ఒక బోరు కనిపించింది. మూత లేదు. ఈ సీమలో నీళ్ళు పడని బోర్లు చాలా ఉన్నాయి. చిన్నపిల్లలు వాటిలో పడే ప్రమాదం ఉంది. పాడుబడిన బోరును అడుగు నుంచి నేల మట్టం వరకూ మట్టి, ఇసుక, రాళ్ళతో పూడ్చాలని సుప్రీంకోర్టు 2010లో చెప్పింది. ఆ మాట పంచాయతీ కార్యదర్శికి అర్జీగా రాశారు. అర్జీ కింద ఏడుగురు సంతకాలు పెట్టారు. ఒక్కరు కూడా వేలిముద్ర వేయలేదు. మూడో రోజున బోరు పూడ్చారు.

గుర్తుంచుకోవలసినవి:

ఈత నేర్చుకోవడం మంచిదే. కానీ పక్కన పెద్దవాళ్ళు ఉండాలి. నడుముకు తాడు కట్టి నేర్పాలి.

ఎవరైనా మునిగిపోతుంటే ఈత సరిగా రానివాళ్ళు దూకకూడదు. ఒడ్డు నుంచి తాడు, చీర, పొడుగాటి కట్టె అందించాలి. మూత బిగించిన ఖాళీ క్యాను విసిరినా పట్టుకుని తేలుతారు.

వడదెబ్బ తగిలితే

మే నెల వచ్చింది. తల్లి ఉపాధి పనికి పోతోంది. గ్రామీణ ఉపాధి హామీ పథకం మొదలైంది పాత అనంతపురం జిల్లాలోనే. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ దాన్ని ప్రారంభించారు. పని చోట తాగునీళ్ళు ఉండాలని, నీడ ఉండాలని, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని ఆ చట్టంలోనే రాశారు. రాత్రిబడిలో తల్లి ఆ పాఠం చదివింది. అందుకే మేటును అడగగలిగింది.

"నీడకు పట్ట యాడుంది అన్నా? కుండలో నీళ్ళు యాడున్నాయి?"

మరునాడు పట్ట కట్టారు. రెండు కుండలు పెట్టారు. పని తెల్లవారుజామునే మొదలుపెట్టి, ఎండ ముదిరేలోపల ముగించారు.

అయినా ఒక రోజు ఒక పెద్దామె పడిపోయింది. ఒళ్ళు పెనం మాదిరి కాలుతోంది. మాట తడబడుతోంది. ఒకామె నోట్లో నీళ్ళు పోయబోయింది. తల్లి ఆపింది. "తెలివిలో లేని మనిషికి నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి" అంది. పెద్దామెను నీడకు చేర్చారు. రవికె వదులు చేశారు. తడిగుడ్డతో ఒళ్ళంతా తుడిచారు. కొంగులతో విసిరారు. ఒకరు 108కి ఫోను చేశారు. 108 బండ్లు ఈ రాష్ట్రంలో 2005 నుంచి తిరుగుతున్నాయి. బండి వచ్చి ఆసుపత్రికి తీసుకుపోయింది. పెద్దామె బతికింది.

అందరూ బతకరు. 2015 మే నెలలో వడగాలులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కలిపి వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఎండలో పనిచేసే కూలీలకు, ముసలివాళ్ళకు ఈ ముప్పు ఎక్కువ.

కాబట్టి దాహం వేసేదాకా ఆగవద్దు. మధ్యమధ్యలో నీళ్ళు తాగాలి. పొద్దున రాగి అంబలి, మజ్జిగ మంచివి. 11 నుంచి 4 గంటల దాకా పిల్లలను, ముసలివాళ్ళను నీడలో ఉంచాలి.

విరేచనాలు పట్టుకుంటే, నీరసిస్తే ఓ.ఆర్.ఎస్. నీళ్ళు ఇవ్వాలి. ప్యాకెట్టు మీద ఎన్ని నీళ్ళు కలపాలో రాసి ఉంటుంది. చదివి కలపండి. ప్యాకెట్టు లేకపోతే ఇంట్లోనే చేయవచ్చు. కాచి చల్లార్చిన లీటరు నీళ్ళు తీసుకోండి. 6 చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు వేయండి. చిన్న చెంచా అంటే టీ చెంచా. చెంచా తలగొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువ కాకూడదు. ఒకసారి కలిపిన నీళ్ళు ఒక రోజే వాడాలి. మిగిలినవి పారబోయాలి.

బడి తెరిచే రోజు

జూన్ దగ్గరపడింది. వాన జాడ లేదు. ఒక రాత్రి ఇంటాయన అన్నాడు.

"బెంగళూరులో కట్టడం పని ఉందంట. అందరం పోదాం. నువ్వూ నేనూ పనికి పోతాం. పాప వంట చేస్తుంది. పిల్లోణ్ణి చూసుకుంటుంది."

పాప చేతిలో నోటుబుక్కు ఉంది. తలెత్తలేదు.

"పాప బడి?" అంది తల్లి.

"ఒక్క ఏడాదే గదా. మళ్ళీ వచ్చి చేరుతుంది."

"రెండు నెలలు విడిస్తేనే నేను వత్తు మరిచిపోతి. బస్సు పోగొట్టుకుంటి. ఏడాది విడిస్తే పాప బడే పోగొట్టుకుంటుంది. నువ్వు పోయిరా అయ్యా. నేను ఇక్కడ కూలికి పోతా. పిల్లలు బడికి పోతారు."

ఇంటాయన చాలాసేపు మాట్లాడలేదు. ఆ మాటలో నిజం ఉంది. అప్పు కూడా ఉంది. చివరకు అవ్వ అంది. "నేనుండా గదరా ఇంట్లో. పిల్లల్ని నేను చూసుకుంటా. నువ్వు పోయి నాలుగు రూపాయలు పంపు."

అతను ఒక్కడే బెంగళూరు బస్సెక్కాడు.

బడి తెరిచారు. పాప ఎనిమిదో తరగతిలో కూర్చుంది. కానీ పక్కింటి పిల్ల రాలేదు. వాళ్ళింటికి తాళం ఉంది. ఇంటిల్లిపాదీ వలస పోయారు. తల్లికి ఆ తాళం చూస్తే మనసు కలుక్కుమంది.

2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు చదువు హక్కు అని ఆ చట్టం చెబుతోంది. వలస పోయిన చోట కూడా సర్కారు బడిలో చేరవచ్చు. బదిలీ పత్రం ఆలస్యమైందని బడిలో చేర్చుకోము అనకూడదు. తల్లి ఆ సంగతి కాగితం మీద రాసింది. పక్కింటి వాళ్ళకు ఫోను చేసి చదివి వినిపించింది. "పిల్లను అక్కడి బడిలో వేయండి వదినా. పత్రం కోసం నేను ఇక్కడి అయ్యవారిని అడుగుతా" అంది.

"చూస్తాంలే" అంది అవతలి గొంతు. తల్లి ఊరుకోలేదు. మరునాడు మళ్ళీ ఫోను చేసింది. మూడో రోజు బడికి పోయి అయ్యవారిని పత్రం అడిగింది.

ఆ వారమే కదిరి బస్టాండులో ఒక బస్సు ఆగింది. తల్లి బోర్డు వైపు చూసింది. త. న. క. ల కింద ల వత్తు. ఎవరినీ అడగకుండా బస్సెక్కింది.

ఆలోచించండి

1. తల్లి బస్సు ఎందుకు పోగొట్టుకుంది?
2. తెలివి తప్పిన మనిషి నోట్లో నీళ్ళు ఎందుకు పోయకూడదు?
3. మీ ఊళ్ళో మూత లేని బోరు, కంప లేని కుంట ఎక్కడ ఉన్నాయి?
4. మీ వీధిలో బడి తెరిచినా బడికి రాని పిల్లలు ఎవరు? ఎందుకు రాలేదు?

చేయండి

ఒక అట్ట మీద 108 అని పెద్దగా రాయండి. ఇంటి గోడకు అంటించండి.

ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పే సామెత ఒకటి రాసి, పిల్లల చేత చదివించండి.

ఈ మాటలు చదవండి, రాయండి: నీడ, లోతు, దాహం, మజ్జిగ, చక్కెర, కార్యదర్శి, విద్యాహక్కు.