న్యూట్ల శాస్త్రీయ నామాలు ఎందుకు మారతాయి?

న్యూట్ తోక ఉన్న ఉభయచరం, సాలమాండర్లలో ఒక రకం. యూరప్‌లోని ఆల్పైన్ న్యూట్‌కు 1768లో శాస్త్రవేత్త లారెంటి ‘ట్రైటాన్ ఆల్పెస్ట్రిస్’ అని పేరు పెట్టారు. ‘ట్రైటాన్’ అప్పటికే మరో జీవికి ఉండటంతో ప్రజాతి ‘ట్రైటురస్’ అయింది. ఆ ప్రజాతిలోని న్యూట్లన్నీ ఒకే వంశశాఖవి కావని డీఎన్‌ఏ పరిశోధనలు తేల్చడంతో దాన్ని విడదీశారు. ఆల్పైన్ న్యూట్‌కు మొదట 1927 నాటి ‘మీసోట్రైటాన్’ పేరు వాడినా, 1801 నాటి ‘ఇక్తియోసారా’యే నిలిచింది. ఇదే ప్రాధాన్య సూత్రం: చెల్లుబాటయ్యే పేర్లలో పాతదే నెగ్గుతుంది. గమనించాల్సింది, జాతి పదం ‘ఆల్పెస్ట్రిస్’ మాత్రం మారలేదు.

మన డార్జిలింగ్ కొండల న్యూట్‌నూ మరవొద్దు. చాలాకాలం ‘టైలోటోట్రైటాన్ వెరుకోసస్’గా చదివిన దాన్ని 2015 తర్వాత ‘టైలోటోట్రైటాన్ హిమాలయానస్’గా గుర్తిస్తున్నారు. పాత పుస్తకాల్లో ఇంకా మొదటి పేరే కనిపిస్తుంది.