చరిత్రకు ప్రభువెవరు?

చదువవలసిన వాక్యభాగములు: 2 రాజులు 18:13 – 19:36; దానియేలు 2:20–22; అపొ. కార్యములు 17:10–12, 24–28.



2020వ సంవత్సరమున కరోనా వ్యాధివలన బడులు మూతపడినప్పుడు మన పిల్లల చదువు సెల్‌ఫోనులోనికి వచ్చెను. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వము ప్రభుత్వ బడులలోని ఎనిమిదవ తరగతి పిల్లలకు పాఠములు నింపిన ట్యాబులను పంచిపెట్టెను. బడులు మరల తెరువబడినను ఫోను పాఠము ఇల్లు విడిచిపోలేదు. లెక్కలు, సైన్సుతోపాటు లోకచరిత్రయు ఇప్పుడు తెర మీదనే వచ్చుచున్నది. అమెరికా దేశములో ఇంటివద్దనే పిల్లలకు చదువు చెప్పుకొను క్రైస్తవ కుటుంబములు అనేకములు కలవు. వారికొరకు లోకచరిత్రను క్రైస్తవ దృష్టితో బోధించు పాఠములు తయారగుచున్నవి. అట్టివి మాడుగుల చుట్టుపట్ల పల్లెలలోని ఫోనులకును అందుచున్నవి. ఇవి పిల్లలకు చూపవచ్చునా అని తలిదండ్రులు మమ్మును అడుగుచున్నారు గనుక ఈ నెల పాఠము ఆ సంగతిని గూర్చియే వ్రాయుచున్నాము.

1. లోకచరిత్ర మనకెందుకు?

పరలోకము చేరవలసినవారికి లోకపు రాజుల కథలతో పనియేమి అని కొందరందురు. అయితే లూకా సువార్త తెరచి చూడుడి. ప్రభువు జననమును చెప్పునప్పుడు కైసరు ఔగుస్తు పేరు చెప్పెను (2:1). యోహాను బోధ ఆరంభమును చెప్పునప్పుడు తిబెరి కైసరు ఏలుబడిలో పదునైదవ సంవత్సరమని లెక్క చెప్పెను (3:1). మన రక్షణ ఎప్పుడో ఎక్కడో జరిగిన కట్టుకథ కాదు, చరిత్రలో జరిగినదే.

పారసీక రాజైన కోరెషు క్రీస్తుపూర్వము 539లో బబులోనును పట్టుకొనెను. అతడు ఇశ్రాయేలు దేవుని ఎరుగనివాడు. అయినను దేవుడు అతనిని పేరు పెట్టి పిలిచి, చెరలోనున్నవారిని ఇంటికి పంపుటకు వాడుకొనెనని యెషయా గ్రంథము చెప్పుచున్నది (44:28 – 45:5). తన్ను ఎరుగని రాజులమీదను దేవుడు ప్రభువైయున్నాడు. క్రైస్తవ దృష్టి అనగా మొదట ఇదియే.

లోకచరిత్ర మనకు దూరమైనదియు కాదు. పేరు పొందిన మన మాడుగుల హల్వాను చూడుడి. హల్వా అను మాట అరబ్బీ భాషనుండి వచ్చినది. మన కూరలోని మిరపకాయ అమెరికా ఖండములో పుట్టి, పోర్చుగీసువారి ఓడలమీద ఈ దేశము చేరినది. లోకచరిత్ర మన వంటయింటిలోనే యున్నది.

2. ఒక సంగతి, రెండు వ్రాతలు

క్రీస్తుపూర్వము 701లో అష్షూరు రాజైన సన్హెరీబు యూదా దేశముమీదికి వచ్చెను. ఈ సంగతి బైబిలులోనున్నది. అదిగాక ఆ రాజు స్వయముగా వ్రాయించుకొన్న ఆరు పలకల మట్టి శాసనము నేడు లండనులోని బ్రిటిషు మ్యూజియములోనున్నది. ప్రాకారములు గల 46 పట్టణములను పట్టుకొంటిననియు, హిజ్కియాను యెరూషలేములో బంధించితిననియు, అతనివలన కప్పము పుచ్చుకొంటిననియు అందులో అతడు అతిశయపడెను. అయితే యెరూషలేమును పట్టుకొంటినని మాత్రము ఎక్కడను చెప్పలేదు. తన గెలుపులన్నియు చెప్పి, తనకు కలిగిన కొరతను చెప్పక మానెను.

ఇప్పుడు బైబిలు ఏమి చేయుచున్నదో గమనించుడి. యెరూషలేము రక్షింపబడెనని చెప్పుచున్నది. అంతటితో ఆగక, భక్తిగల రాజైన హిజ్కియా భయపడి తప్పు ఒప్పుకొని, దేవాలయపు తలుపుల బంగారమును తీయించి శత్రువునకు ఇచ్చెనని కూడ దాచక వ్రాసినది (2 రాజులు 18:14–16). తన పక్షమువారికి అవమానకరమైనదానిని వ్రాయుటకు బైబిలు వెనుదీయలేదు. దావీదు పాపమును, పేతురు బొంకును అట్లే వ్రాసినది. మనవారి గొప్పలు మాత్రమే చెప్పు చరిత్ర సన్హెరీబు చరిత్ర. మనవారి తప్పులను కూడ దేవుని యెదుట చెప్పు చరిత్ర బైబిలు చరిత్ర. ఒక పాఠమునకు క్రైస్తవ నామము తగునో తగదో ఈ కొలతతోనే కొలవవలెను.

3. సంఘము చేసిన తప్పులు

1099లో సిలువ గుర్తు ధరించిన సైనికులు యెరూషలేమును పట్టుకొని ముస్లిములను, యూదులను విస్తారముగా చంపిరి. దీనిని దాటిపోవు పాఠము సత్యమైనది కాదు.

తొమ్మిదవ తరగతి పుస్తకములో పిల్లలు హిట్లరును గూర్చి చదువుదురు. 1933లో అతడు అధికారమునకు వచ్చిన జర్మనీ దేశములో ప్రజలలో ఎక్కువమంది బాప్తిస్మము పొందినవారే. సంఘస్థులలో అనేకులు అతనిని మెచ్చుకొనిరి; అనేకులు ఊరకుండిరి. అతని ప్రభుత్వము సుమారు 60 లక్షలమంది యూదులను చంపించెను. అయితే 1934లో బార్మెను పట్టణమున కూడిన కొందరు, సంఘమునకు క్రీస్తు ఒక్కడే ప్రభువని ప్రకటించిరి. ఆ ప్రభుత్వమును ఎదిరించిన బోన్‌హోఫరు అను పాదిరి 1945 ఏప్రిల్ 9న ఉరితీయబడెను. ఈ రెండును చెప్పవలెను. మొదటిది చెప్పక రెండవది మాత్రమే చెప్పినయెడల అది అబద్ధ సాక్ష్యమగును (నిర్గమ. 20:16).

మన బిడ్డ గుడిలో పొగడ్తలు మాత్రమే విని, రేపు పట్టణములో కాలేజీకి వెళ్లి తక్కినది పరులనోట వినినయెడల ఏమనుకొనును? మా పెద్దలు దీనిని దాచిరి, మరి ఇంకేమి దాచిరో అనుకొనును. ఆ దినమున అతని విశ్వాసము కదలును. సత్యము మన ఇంటిలోనే ముందుగా వినిన బిడ్డ నిలుచును.

4. మన ప్రాంతపు చరిత్ర

మాడుగుల 2022 ఏప్రిల్ నుండి అనకాపల్లి జిల్లాలోనిది. అంతకుముందు విశాఖపట్టణము జిల్లాలోనిది. ఆ విశాఖపట్టణమునకే 1805లో లండను మిషను వారైన జార్జి క్రాను, అగస్టసు డిగ్రాంజి వచ్చిరి. వారు తెలుగు నేర్చుకొని సువార్తలను తర్జుమా చేయసాగిరి. బ్రాహ్మణ కులములో పుట్టి క్రైస్తవుడైన ఆనందరాయరు ఆ పనిలో వారికి తోడ్పడెను. క్రాను 1809లోను, డిగ్రాంజి 1810లోను చనిపోయిరి. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపురమున అచ్చయ్యెను. ఆ పుస్తకమును వారిద్దరును కన్నులార చూడలేదు.

ఇదియు లోకచరిత్రయే. 1813లో ఇంగ్లాండు పార్లమెంటు చట్టము మార్చువరకు ఈస్టిండియా కంపెనీ మిషనరీలను ఇష్టపడి రానిచ్చినది కాదు. అయినను మిషనరీలును కంపెనీ దొరలును ఒకే దేశమువారు గనుక, ఇది దొరల మతమను మాట పుట్టినది. పిల్లలు ఈ రెండును ఎరిగియుండవలెను. ఆనందరాయరు పేరును తప్పక ఎరిగియుండవలెను.

5. ఇంటిలో చేయవలసినవి

(అ) పాఠము జరుగునప్పుడు పిల్లల ప్రక్కన కూర్చుండుడి. చదువురాని తల్లియైనను, వినినదానిని తిరిగి తెలుగులో చెప్పుమని బిడ్డను అడుగవచ్చును. చెప్పలేనియెడల బిడ్డకు అది అర్థము కాలేదన్నమాట.

(ఆ) బెరయవారు పౌలు మాటనే పరీక్షించిరి. ఫోనులో మాటలాడువానిని పరీక్షింపవద్దా? ఎవరు చెప్పుచున్నారు? ఏ సంవత్సరము? దేనినిబట్టి చెప్పుచున్నారు? బడి పుస్తకముతో పోల్చి చూడుడి.

(ఇ) లోకాంతమునకు తేదీ చెప్పు పాఠమును కట్టివేయుడి. అమెరికాలో ఒక రేడియో బోధకుడు 2011 మే 21 అని ప్రకటించెను. ఆ దినము వచ్చి పోయెను. కాలములను ఎరుగుట మన పని కాదని ప్రభువే చెప్పెను (అపొ. కార్యములు 1:7).

(ఈ) హిందువులైన పొరుగువారినైనను, ముస్లిములనైనను ద్వేషింపజేయు పాఠము క్రైస్తవ పాఠము కాదు. మనుష్యులందరును ఒక్కనినుండియే కలిగిరని పౌలు ఏథెన్సులో బోధించెను (17:26).

(ఉ) ఉచితమని మొదలుపెట్టి తరువాత రుసుము అడుగు పాఠములును కలవు. కూలి డబ్బు కట్టకముందు బడి ఉపాధ్యాయుని ఆలోచన అడుగుడి.

కూటములలో మాటలాడుకొనుటకు ప్రశ్నలు

1. హిజ్కియా భయమును బైబిలు ఎందుకు దాచలేదు?
2. కోరెషును దేవుడు వాడుకొనుట నేటి ప్రభుత్వములను గూర్చి మనకేమి నేర్పుచున్నది?
3. మన సంఘ చరిత్రలో మన పిల్లలకు ఇంతవరకు చెప్పనిది ఏమైన కలదా?

రాజులను నియమించువాడును త్రోసివేయువాడును దేవుడేయని దానియేలు స్తుతించెను. చరిత్ర అట్టివాని చేతిలోనుండగా మనము సత్యమునకు భయపడనక్కరలేదు. మన బిడ్డలు ధైర్యముగా చదువుదురు గాక. ఆమేన్.