ఎండదెబ్బకు కణం చేసే మరమ్మతు

కిందటి వేసవి సెలవుల్లో మా అమ్మమ్మగారి ఊరు వెళ్లినప్పుడు ఎదురింటి ఎనిమిదేళ్ల కుర్రవాణ్ణి చూశాను. ముఖం మీదా చేతుల మీదా నువ్వులు చల్లినట్లు మచ్చలు. ఎండలో కళ్లు తెరవలేడు. ముక్కు పక్కన మానని పుండు. ఊళ్లో కొందరు కుష్ఠు అన్నారు, కొందరు అమ్మవారి కోపమన్నారు. తోటి పిల్లల్ని వాడి దగ్గరకు పోనివ్వరు. "ఏం పాపం చేశామో బాబూ! పెద్ద చదువు చదువుతున్నావుగా, ఇదేమిటో చెప్పు" అని వాడి మామ్మ నన్నడిగింది. జంతుశాస్త్రంలో ఎమ్.ఎస్సి. చదువుతున్న నేను నోరు మెదపలేకపోయాను. పట్నం ఆసుపత్రి డాక్టర్లు రాసి ఇచ్చిన కాగితం మీద జబ్బు పేరు జీరోడెర్మా పిగ్మెంటోజమ్ అని ఉంది. కాలేజీ తెరిచాక గ్రంథాలయంలో చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. ఇది ఆ మామ్మకు నేను బాకీపడ్డ జవాబు.

ఎండ ఏం చేస్తుంది?

సూర్యకాంతిలో కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలున్నాయి. డి.ఎన్.ఏ. మెలితిరిగిన నిచ్చెన లాంటిదని మనమంతా చదువుకున్నదే. దానిలో ఒకే పోగు మీద రెండు థైమిన్లు పక్కపక్కన ఉన్నచోట ఈ కిరణాలు తగిలితే అవి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. దీన్నే థైమిన్ డైమర్ అంటారు. అక్కడ డి.ఎన్.ఏ. వంకరపోతుంది. నకలు తీసేటప్పుడు తప్పులు దొర్లుతాయి. తప్పులు పేరుకుంటే కణం అదుపు తప్పి కాన్సర్‌కు దారితీయవచ్చు.

మరి ఈ దెబ్బ ఎవరికి తగలడం లేదు? నాట్లు వేసే కూలీకీ, బస్సు కోసం నిలబడ్డ మనకూ రోజూ తగులుతూనే ఉంది. అయినా బాగానే ఉన్నామంటే మన కణాలు ఆ దెబ్బను ఎప్పటికప్పుడు బాగుచేసుకుంటున్నాయన్న మాట.

మేస్త్రి లాంటి ప్రోటీన్

పగిలిన గోడను బాగుచేసేటప్పుడు ఒకడు పగులు చూస్తాడు, ఒకడు గునపం వేస్తాడు, ఒకడు సిమెంటు పూస్తాడు. కణంలోనూ అంతే. ఒక ప్రోటీన్ వంకర కనిపెడుతుంది. మరికొన్ని అక్కడ రెండు పోగుల్నీ విడదీస్తాయి. దెబ్బతిన్న పోగును అటొకటి ఇటొకటి కత్తిరిస్తాయి. సుమారు 30 అక్షరాల ముక్క ఊడి వస్తుంది. బాగున్న ఎదుటి పోగును చూసి కొత్త ముక్క అల్లి అతికిస్తారు ఇంకొందరు పనివాళ్లు.

వీరందరి మధ్య మేస్త్రి ఎక్స్.పి.ఏ. అనే ప్రోటీన్. మేస్త్రి గునపం పట్టడు. ఇదీ స్వయంగా ఏదీ కొయ్యదు, అతకదు. దెబ్బ నిజమా కాదా అని సరిచూడడానికి తోడ్పడి, కత్తిరించేవాళ్లను సరైన చోట నిలబెడుతుంది. 273 అమినో ఆమ్లాల చిన్న ప్రోటీన్ ఇది. దీని జన్యువు తొమ్మిదవ క్రోమోసోము మీద ఉంది. మేస్త్రి రాకపోతే పని ఆగినట్లే, ఈ జన్యువు చెడితే మరమ్మతు ఆగిపోతుంది.

తెలుసుకున్న తీరు

ఈ జబ్బును 1870లో వియన్నా వైద్యుడు మోరిజ్ కపోసి వర్ణించాడు. కారణం మాత్రం దాదాపు నూరేళ్లు తెలియలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో డి.ఎన్.ఏ. మరమ్మతుపై పని చేస్తున్న జేమ్స్ క్లీవర్ ఈ జబ్బు గురించి దినపత్రికలో చదివి, రోగుల చర్మకణాలు తెప్పించుకున్నాడు. మామూలు కణాలు చేసుకునే మరమ్మతు ఇవి సరిగా చేసుకోలేవని 1968లో ప్రకటించాడు.

తరువాత ఇద్దరు రోగుల కణాలను కలిపి ఒకే కణంగా చేసి చూశారు. కొన్ని జంటల్లో మరమ్మతు తిరిగి మొదలైంది! ఒకదానిలో లేనిది రెండవది ఇచ్చిందన్న మాట. అంటే చెడిన జన్యువు అందరిలో ఒకటి కాదు. ఇప్పటికి ఎనిమిది తెలుసు. వాటిలో ఎక్స్.పి.ఏ.ను 1990లో జపానులో కియోజి తనాకా బృందం వేరుచేసి చూపింది. జపానులో సుమారు నూరుగురిలో ఒకరు దాని చెడిన ప్రతిని మోస్తున్నారు. మరమ్మతు రహస్యాలు విప్పినందుకు 2015లో అజీజ్ సంజార్, తోమస్ లిండాల్, పాల్ మోడ్రిచ్‌లకు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

మన సంగతి

ఇలాంటి ప్రతి జన్యువూ మనకు రెండు ప్రతులు ఉంటుంది. ఒకటి చెడినా రెండవది పని నడుపుతుంది, మనిషికి ఏమీ తెలియదు. తల్లీ తండ్రీ ఇద్దరూ అలాంటివారైతే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. రక్తసంబంధంలో పెళ్లయితే ఇద్దరిలోనూ అదే చెడిన ప్రతి ఉండే అవకాశం పెరుగుతుంది. ఆ కుర్రవాడి తల్లి తన మేనబావనే చేసుకుంది. మేనరికాలన్నీ ఇలాగే అవుతాయని కాదు, ఆ తల్లిదండ్రుల తప్పూ కాదు. కాని పెళ్లికి ముందు ఆలోచించవలసిన విషయమే.

చెడిన జన్యువును బాగుచేసే మందు లేదు. ఎండ తగలకుండా నిండు బట్టలు, టోపీ, కళ్లజోడు, పూతమందు, తరచు డాక్టరు పరీక్ష - ఇవే రక్ష. పుండును తొందరగా తీయిస్తే ప్రాణం నిలుస్తుంది.

దసరాకు వెళ్లి ఇదంతా చెప్పాను. "అయితే పాపం కాదన్న మాట" అంది మామ్మ. "కాదు మామ్మా. అంటుకునేదీ కాదు" అన్నాను. ఆ రెండో మాట ఇరుగుపొరుగు విన్నారు. ఇప్పుడు పొద్దు వాలాక వాడితో ఆడుకోవడానికి ఇద్దరు పిల్లలు వస్తున్నారట.

మిత్రులారా! మనం పరీక్షల కోసం బట్టీపట్టే ఈ పాఠం కోసం ఏదో ఒక ఊళ్లో ఒక మామ్మ ఎదురుచూస్తూ ఉంటుంది. సెలవులకు ఇంటికి వెళ్లేటప్పుడు దాన్ని కూడా వెంట తీసుకుపోదాం.