జీవం ఎలా వచ్చింది? జీవితం ఎందుకు వచ్చింది?

 

తార్నాక, హబ్సిగూడ, ఉప్పల్‌లను కలిపే రోడ్డు మీద మూడు పెద్ద పరిశోధనా సంస్థలున్నాయి. రసాయనాలను పరిశోధించే ఐఐసీటీ ఒకటి, భూగర్భాన్ని పరిశోధించే ఎన్‌జీఆర్‌ఐ ఒకటి, జీవకణాన్ని పరిశోధించే సీసీఎంబీ ఒకటి. నాచారం, ఉప్పల్ బస్తీల పిల్లలు ఈ ప్రహరీగోడల పక్కనుంచే కాలేజీలకు పోతుంటారు. కొందరు ఇలాంటి ప్రయోగశాలల్లో, నాచారం మందుల కంపెనీల్లో ఉద్యోగాలు కూడా చేస్తుంటారు. విద్య అల్లాహ్ అనుగ్రహం. అందుకు మనం సంతోషించాలి.

అయితే అప్పుడప్పుడు ఏదో ఒక ఇంట్లో ఈ మాట వినిపిస్తుంది: “అబ్బా, నేను నమాజు మానేశాను. మతం మీద నాకు నమ్మకం లేదు. జీవం ఎందుకుందో సైన్సు చెబుతుంది, అది చాలు.” ఈ మాట విని కొందరు తండ్రులు మండిపడతారు. తల్లులు కన్నీళ్ళు పెట్టుకుంటారు. ఇంకొందరు సైన్సునే తిట్టడం మొదలుపెడతారు. ఇవేవీ ఆ ప్రశ్నకు జవాబు కావు. జవాబేమిటో ఈ పాఠంలో పరిశీలిద్దాం.

‘ఎందుకు’ అనే మాటకు రెండు అర్థాలు

రమజాను నెలలో తెల్లవారక ముందే వంటింట్లో లైటు వెలిగింది. ఎందుకు వెలిగింది? స్విచ్ వేశారు, తీగలో కరెంటు ప్రవహించింది, అందుకని వెలిగింది. ఇది ఒక జవాబు. సహరీ వండాలి గనుక వెలిగింది. ఇది మరో జవాబు. రెండూ నిజమే. ఒకటి రెండోదాన్ని కొట్టివేయదు.

ఎలక్ట్రీషియన్ ఆ ఇంటి వైరింగ్ మొత్తం విప్పి చూసినా సహరీ సంగతి అందులో కనిపించదు. అది అతని పనితనంలో లోపం కాదు. ఆ సంగతి తీగల్లో లేదు. లైటు వేసిన తల్లిని అడిగితేనే తెలుస్తుంది. ‘ఏ కారణం వల్ల’ అన్నది ఒక ప్రశ్న. ‘ఏ ఉద్దేశంతో’ అన్నది వేరే ప్రశ్న. తెలుగులో రెంటినీ ‘ఎందుకు’ అనే ఒక్క మాటతోనే అడుగుతాం కాబట్టి ఒకదాని జవాబు రెండోదానికి సరిపోయిందని పొరబడతాం.

సైన్సు ఎంతదాకా చెప్పింది?

ముందుగా సైన్సుకు ఇవ్వవలసిన గౌరవం ఇద్దాం. భూమి వయస్సు సుమారు 454 కోట్ల సంవత్సరాలని శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. మన కడప జిల్లా వేంపల్లె ప్రాంతపు రాళ్ళలో అతి ప్రాచీన సూక్ష్మజీవులు పొరలు పొరలుగా మిగిల్చిన గుర్తులున్నాయి. అవి సుమారు 190 కోట్ల ఏళ్ళ నాటివి. 1953లో అమెరికాలో స్టాన్లీ మిల్లర్ అనే యువ పరిశోధకుడు గాజు పాత్రలో కొన్ని వాయువులు, నీటి ఆవిరి నింపి విద్యుత్ మెరుపులు పుట్టించాడు. కొద్ది రోజుల్లోనే అందులో అమైనో ఆమ్లాలు ఏర్పడ్డాయి. మాంసకృత్తులు తయారయ్యేది వీటితోనే. బెన్నూ అనే గ్రహశకలం నుంచి 2023లో భూమికి తెచ్చిన మట్టిలో కూడా 14 రకాల ప్రోటీన్ అమైనో ఆమ్లాలు ఉన్నట్లు 2025లో ప్రకటించారు.

మన ఇరుగుపొరుగులోనే జరిగిన పరిశోధన ఇంకొకటి ఉంది. 2005 ఏప్రిల్‌లో ఈసీఐఎల్ ప్రాంతంలోని టాటా ఇన్‌స్టిట్యూట్ బెలూన్ కేంద్రం నుంచి ఒక భారీ బెలూన్‌ను ఆకాశంలోకి వదిలారు. 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలి నమూనాలు సేకరించారు. వాటిని హబ్సిగూడలోని సీసీఎంబీలోను, పుణెలోని మరో సంస్థలోను పరీక్షించారు. భూమి మీద అంతకు ముందు గుర్తించని మూడు బాక్టీరియా జాతులు దొరికాయని 2009లో ఇస్రో ప్రకటించింది. ఒకదానికి ఖగోళ శాస్త్రజ్ఞుడు ఫ్రెడ్ హాయల్ పేరు, ఒకదానికి ఇస్రో పేరు, మరొకదానికి ఆర్యభట్ట పేరు వచ్చేలా నామకరణం చేశారు. జీవం అంతరిక్షం నుంచి వచ్చిందా అన్నదే ఆ పరిశోధన వెనుక ఉన్న ప్రశ్న. అయితే ఈ సూక్ష్మజీవులు అంతరిక్షం నుంచే వచ్చాయని దీనివల్ల రుజువు కాలేదని ఇస్రో తానే స్పష్టం చేసింది. తెలిసినంతే చెప్పడం శాస్త్రజ్ఞుని నిజాయితీ. ఈ నిజాయితీ మనకూ కావాలి.

మొదటి జీవకణం ఎలా ఏర్పడిందో ఇంకా పూర్తిగా తేలలేదు. “చూశారా, సైన్సు ఓడిపోయింది. కాబట్టి దేవుడున్నాడు” అని కొందరు దీన్ని పట్టుకొని వాదిస్తారు. సోదరులారా, ఈ వాదన మీద విశ్వాసాన్ని నిలబెట్టకండి. రేపు ఏ ప్రయోగశాలలోనో ఆ ముడి విడిపోతే ఆ విశ్వాసం ఏమవుతుంది? అల్లాహ్ మనకు తెలియని వాటికి మాత్రమే ప్రభువు కాడు, తెలిసిన వాటికీ ప్రభువే. వాన ఎలా కురుస్తుందో తెలిసినంత మాత్రాన వాన కురిపించేవాడు లేకుండా పోడు.

మతం వదిలినవారికి ఉద్దేశం ఎక్కడ దొరికింది?

మన తెలుగునాట మతం వదిలినవారిలో సుప్రసిద్ధుడు గోరా, అనగా గోపరాజు రామచంద్రరావు (1902–1975). సంప్రదాయ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. వృక్షశాస్త్ర అధ్యాపకుడు. నాస్తిక భావాల కారణంగా 1933లో కాకినాడ కళాశాలలో ఉద్యోగం పోయింది. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించారు. తర్వాత అది విజయవాడకు మారింది. ఆయన అంటరానితనం మీద పోరాడారు, సహపంక్తి భోజనాలు పెట్టారు, తన సంతానానికి కులాంతర వివాహాలు చేశారు. దేవుణ్ణి కాదన్న ఆయన మాటతో మనం ఏకీభవించం. కాని అంటరానివాడని దూరం పెట్టిన మనిషి పక్కన కూర్చొని అన్నం తిన్న ఆ మంచిని కాదనడం న్యాయం కాదు. మతం వదిలిన ప్రతివాడూ నీతిని వదిలేశాడనుకోవడం పొరపాటు.

ఇక్కడ ఒక్క ప్రశ్న వేసుకోవాలి. మనుషులంతా సమానమని గోరాకు వృక్షశాస్త్రం చెప్పిందా? ఆకు ఎలా ఆహారం తయారు చేసుకుంటుందో ఆ శాస్త్రం చెబుతుంది. పొరుగువాడిని ఆకలితో ఉంచరాదని చెప్పదు. అది ఆయన అంతరాత్మ చెప్పింది.

సీసీఎంబీ వ్యవస్థాపకులు డాక్టర్ పుష్పమిత్ర భార్గవ (1928–2017) విషయమూ అంతే. ఆయన హేతువాది. శాస్త్రీయ దృక్పథం దేశమంతటా వ్యాపించాలని జీవితాంతం కృషి చేశారు. దేశంలో అసహనం పెరుగుతోందని 2015లో తన పద్మభూషణ్ పురస్కారాన్ని తిరిగి ఇచ్చేస్తున్నట్లు ప్రకటించారు. ఇది తప్పు, దీన్ని ఎదిరించాలి అన్న నిర్ణయం ఏ సూక్ష్మదర్శినిలోనూ కనిపించదు.

“జీవితానికి అసలు ఉద్దేశమే లేదు, ఎవరి ఉద్దేశం వారే ఏర్పరచుకోవాలి” అని కొందరంటారు. అలా అనే స్వేచ్ఛ వారికుంది. కాని అదీ ప్రయోగశాలలో తేలిన ఫలితం కాదు, అదొక నమ్మకం. ఆ మాటను సైన్సు పేరుతో చెప్పడం సరికాదు.

దివ్య ఖుర్‌ఆన్ వెలుగులో

ఈ రెండు ప్రశ్నలూ దివ్య ఖుర్‌ఆన్‌లో ఉన్నాయి. మృతులను ఎలా బ్రతికిస్తావో చూపమని హజ్రత్ ఇబ్రాహీమ్ (అలై) తన ప్రభువును వేడుకున్నారు (2:260). అది ‘ఎలా’ అన్న ప్రశ్న. నమ్మకం లేదా అని ప్రభువు అడిగితే, ఉంది గాని మనసు కుదుటపడటానికి అడుగుతున్నానని విన్నవించారు. అల్లాహ్ ఆగ్రహించలేదు, చూపించాడు. భూమిపై రక్తం చిందించేవాడిని నియమిస్తావా అని దైవదూతలు అడిగారు (2:30). అది ‘ఎందుకు’ అన్న ప్రశ్న. దానికి జవాబు, మీకు తెలియనిది నాకు తెలుసు అని. ఉద్దేశం తెలియజెప్పవలసింది సృష్టించినవాడే. ఎవరి ఆచరణ మేలైనదో పరీక్షించడానికే చావు బ్రతుకులను సృష్టించానని అల్లాహ్ తెలియజేశాడు (67:2). మిమ్మల్ని వృథాగా పుట్టించామనుకుంటున్నారా అని నిలదీశాడు (23:115).

దైవప్రవక్త (స) కుమారుడు ఇబ్రాహీమ్ మరణించిన రోజున సూర్యగ్రహణం పట్టింది. ఆ పసివాడి మరణం వల్లనే గ్రహణం పట్టిందని జనం అనుకున్నారు. ఎవరి చావు పుట్టుకల కోసమూ గ్రహణాలు పట్టవని దైవప్రవక్త (స) స్పష్టం చేశారు. కన్నకొడుకు పోయిన దుఃఖంలో కూడా ఆయన అబద్ధపు కారణాన్ని అంగీకరించలేదు.

ఇంట్లో ఏం చేయాలి?

మనసులో కలిగే కొన్ని ఆలోచనలు నోటితో చెప్పడానికే భయంగా ఉందని సహాబాలు మొరపెట్టుకున్నప్పుడు, అలా భయపడటమే విశ్వాసానికి గుర్తని దైవప్రవక్త (స) ఊరడించారు. ఇమామ్ గజాలీ అంతటి పండితుడు తీవ్రమైన మనోవేదనకు లోనై 1095లో బాగ్దాద్ నిజామియా విద్యాలయ పదవిని వదిలి వెళ్ళిపోయారు. అంతకు ముందు కొంతకాలం దేనిమీదా నిశ్చయం లేని స్థితి కూడా ఆయన అనుభవించారు. కాబట్టి సందేహం వచ్చిన బిడ్డను శత్రువుగా చూడకండి.

ధర్మంలో బలవంతం లేదు (2:256). అన్నం దగ్గర గొడవ పెట్టుకోవద్దు. ఇంటి తలుపు మూయవద్దు. బంధువుల ముందు అవమానించవద్దు. “బేటా, జీవం ఎలా వచ్చిందో నీకు తెలిసింది మాకు చెప్పు. ఎందుకు వచ్చిందో మాకు తెలియజేయబడింది మేము చెబుతాం” అని పక్కన కూర్చోబెట్టుకోండి. చాలాసార్లు బిడ్డ దూరమయ్యేది సైన్సు వల్ల కాదు. అడిగిన ప్రశ్నకు “నోరు మూసుకో” అన్న జవాబు వచ్చినందువల్ల. తల్లిదండ్రుల నమాజు, నిజాయితీ, ఇరుగుపొరుగుతో మంచితనం ఏ వాదనకన్నా ఎక్కువ పని చేస్తాయి. హిదాయత్ ఇచ్చేది అల్లాహ్ మాత్రమే. తలుపు తెరిచి ఉంచడం మన వంతు.

ఈ పాఠంలో గుర్తుంచుకోవలసినవి

1. ‘ఏ కారణం వల్ల’ అన్నదానికి సైన్సు జవాబు వెదుకుతుంది. ‘ఏ ఉద్దేశంతో’ అన్నది దాని పరిధిలోనిది కాదు.
2. సైన్సుకు తెలియని చోట విశ్వాసాన్ని దాచుకోరాదు.
3. మతం వదిలినవారిలోని మంచిని మంచిగానే ఒప్పుకోవాలి.
4. సందేహించిన బిడ్డకు కోపం కాదు, ఓర్పు, ప్రేమ, దుఆ కావాలి.

అల్లాహ్ మనకు లాభం చేకూర్చే విద్యను ప్రసాదించుగాక! మన సంతానాన్ని సన్మార్గంపై నిలుపుగాక! ఆమీన్.