కుయ్‌మన్నదల్లా బంగారం కాదు

తిరుమల కొండకు పోయిన వాళ్లకు ఈ మిషను తెలుసు. తలుపు చౌకట్టు లాంటి దాంట్లో నుంచి నడవాలి. కాపలా వాళ్లు ఒక చేతికట్టెను మన ఒంటి చుట్టూ తిప్పుతారు. లోహం ఉంటే అది కుయ్‌మంటుంది. దాని పేరు మెటల్ డిటెక్టర్. ఇనుము, రాగి, ఇత్తడి, వెండి, బంగారం - ఇవన్నీ లోహాలే.

నేల మీద తిప్పే డిటెక్టర్ కూడా ఉంది. దానికి నడుము ఎత్తు కట్టె ఉంటుంది. కట్టె కింద పళ్లెం లాంటి చుట్ట ఉంటుంది. పైన చిన్న డబ్బా, బ్యాటరీలు ఉంటాయి. కొన్ని దేశాల్లో దీన్ని సరదాకు నేర్చుకుంటారు. సెలవు రోజున పొలాల్లో తిరిగి పాత నాణేలు వెతుకుతారు.

ఈ మిషను మన ఊళ్లకూ వచ్చింది. దీనితో మేలూ ఉంది, మోసమూ ఉంది. దాని సంగతి తెలిస్తే మేలును వాడుకోవచ్చు. మోసం నుంచి తప్పించుకోవచ్చు.

పోయిన పుస్తె కోసం

కేతేపల్లి వైపు మూసీ కాలువల కింద ఆడవాళ్లు నాట్లు వేస్తారు. పొద్దంతా వంగి పని. తాడు తెగి పుస్తె బురదలో పడుతుంది. కమ్మ ఊడిపోతుంది. కాలి మట్టె జారిపోతుంది. ఆ రాత్రి నిద్ర పట్టదు. ఇంట్లో మాటలు పడాలి. ఇట్లాంటప్పుడు డిటెక్టర్ పనికొస్తుంది.

మిషను ఎట్లా పసిగడుతుంది?

చుట్టలో రాగి తీగ ఉంటుంది. బ్యాటరీ కరెంటు ఆ తీగలో పారుతుంది. అప్పుడు చుట్ట చుట్టూ అయస్కాంత శక్తి పుడుతుంది. ఆ శక్తి మట్టిలోకి దిగుతుంది. అక్కడ లోహం ఉంటే, ఆ లోహంలోనూ సన్నగా కరెంటు పుడుతుంది. ఆ మార్పును డబ్బా పసిగడుతుంది. సప్పుడు చేస్తుంది.

సాధారణ మిషను రూపాయి బిళ్లంత వస్తువును జానెడు లోతు దాకానే పసిగట్టగలదు. రాయిని, కట్టెను, ఎముకను, ముత్యాన్ని అసలే పసిగట్టదు. ఇనుప ఖనిజం ఎక్కువగా ఉన్న ఎర్ర నేలలో లోహం లేకున్నా ఒక్కోసారి సప్పుడు వస్తుంది.

ఇంకొక ముఖ్యమైన సంగతి. ఇనుప మేకుకు ఒక తీరు సప్పుడు, వెండికి ఒక తీరు సప్పుడు వస్తుంది. కాని ఉంగరానికి, మందుబిళ్లల రేకుకు దాదాపు ఒకటే సప్పుడు రావచ్చు. "ఇక్కడ లోహం ఉంది" అనే మిషను చెబుతుంది. "ఇది బంగారమే" అని గట్టిగా చెప్పలేదు.

నేర్చుకునే తీరు

1. ముందు సొంత వాకిట్లో నేర్చుకోవాలి. ఒక రూపాయి బిళ్ల, ఒక మేకు, ఒక వెండి మట్టె, ఒక మందుబిళ్లల రేకు విడివిడిగా పాతిపెట్టాలి. ఒక్కొక్క దానికి పుల్ల గుర్తు పెట్టాలి. ఏ వస్తువుకు ఏ సప్పుడో చెవికి అలవాటు చేసుకోవాలి.

2. మన ఒంటి మీది లోహం తీసి పెట్టాలి. కడియాలు, మట్టెలు, తాళంచెవులు, సెల్‌ఫోను దూరంగా ఉంచాలి. లేకుంటే మిషను మన కాలి మట్టెకే మొత్తుకుంటుంది.

3. చుట్టను నేలకు రెండు వేళ్ల ఎత్తులో ఉంచాలి. వాకిలి ఊడ్చినట్టు ఇటు నుంచి అటు మెల్లగా తిప్పాలి. కొసన పైకి లేపొద్దు. ఊడ్చిన జాగ మీద సగం కప్పుతూ ముందుకు పోవాలి. మధ్యలో సందు విడవొద్దు.

4. సప్పుడు వచ్చిన చోట ఆగాలి. ముందు ఎడమ నుంచి కుడికి తిప్పాలి. తరువాత పక్కకు తిరిగి, అడ్డంగా తిప్పాలి. ముగ్గులో రెండు గీతలు కలిసినట్టు, ఆ రెండు దారులు కలిసిన చోటే వస్తువు ఉంటుంది.

5. సరిగ్గా అదే చోట ఖుర్పీ దించొద్దు. వస్తువు తెగుతుంది. నాలుగు వేళ్ల దూరం నుంచి తవ్వి, మట్టిగడ్డను లేపాలి. చేతితో చిదిమి చూడాలి. పని కాగానే గుంత పూడ్చాలి.

పొలంలో వెతికేటప్పుడు ఆ రోజు నాటు వేసిన మడిని గుర్తు చేసుకోవాలి. పుల్లలు పాతి, తాడు కట్టి, సాలు సాలుగా వెతకాలి. భూమి వేరే వాళ్లదైతే ముందు అడగాలి.

లోహం దగ్గర ఉంటే మిషను ఎట్లా తడబడుతుందో చూడండి. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్‌ను ఒకడు తుపాకీతో కాల్చాడు. తూటా ఒంట్లో ఎక్కడ ఉందో తెలియలేదు. టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహం బెల్ ఒక మిషను తయారు చేసి తెచ్చాడు. కాని తూటా దొరకలేదు. మంచంలో ఇనుప స్ప్రింగులు ఉండడం దానికి ఒక కారణం. అంత పెద్ద శాస్త్రవేత్త మిషనే తడబడింది.

అత్తాకోడళ్ల మాటలు

అత్త: మన దొడ్లె మిషను మొత్తుకున్నది బిడ్డా. లంకెబిందెలు ఉన్నయంటుండు ఆయన. పూజకు ఇరవై వేలు కావాల్నంట.

కోడలు: మొత్తుకుంటే లంకెబిందెలేనా అత్తమ్మా? నాగలి కర్రు ముక్క ఉన్నా మొత్తుకుంటది.

అత్త: బంగారమే అని ఒట్టేసి చెప్తుండు.

కోడలు: ఒక పని చేద్దాం. మూడు మట్టి మూకుళ్లు బోర్లిస్త. ఒకదాని కింద మేకు, ఒకదాని కింద మందుబిళ్లల రేకు, ఒకదాని కింద నా ఉంగరం పెడత. ఆయన చూడొద్దు. ఉంగరం ఏ మూకుడు కింద ఉన్నదో చెప్పమను.

అత్త: చెప్పకపోతే?

కోడలు: మూకుడు కిందిది తెలవనోనికి భూమి కిందిది ఎట్ల తెలుస్తది?

కోడలి మాట నిజం. ఒకవేళ వాడు సరిగ్గా చెప్పినా డబ్బు ఇవ్వొద్దు. లోహానికి పూజతో పనిలేదు. ముందు రాత్రే ఇత్తడి చెంబు పాతిపెట్టి, తెల్లారి మిషనుతో చూపించొచ్చు. అట్లాంటి వాడి మాట విని ఇంట్లో గుంత తవ్వితే గోడ కూలుతుంది. అప్పు మిగులుతుంది. వాడు మాత్రం పోతాడు.

ఎక్కడ తవ్వొద్దు?

పాత గుడి, కోట, పాటిగడ్డ, రాకాసి గుళ్లు - ఈ చోట్ల తవ్వొద్దు. పూర్వీకుల ఆనవాళ్లు అక్కడ ఉంటాయి. ప్రభుత్వం రక్షణలో ఉన్న చోట అనుమతి లేకుండా తవ్వితే నేరం. తూటా, బాంబు లాంటిది కనిపిస్తే ముట్టొద్దు. దూరం జరిగి పోలీసులకు చెప్పాలి.

ఎందుకు తవ్వొద్దో ఫణిగిరి చెబుతుంది. ఫణిగిరి కేతేపల్లికి ఉత్తరాన ఉంది. 2016 దాకా నల్గొండ జిల్లాలో ఉండేది. ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో ఉంది. అక్కడ కొండ మీద పాత బౌద్ధ ఆరామం ఉంది. 2024లో పురావస్తు శాఖ వాళ్లు తవ్వుతుంటే ఒక మట్టి కుండ బయటపడింది. అందులో 3,730 నాణేలు ఉన్నాయి. బంగారువి కావు, సీసం నాణేలు. ఇక్ష్వాకు రాజుల కాలం నాటివి. అంటే దాదాపు 1,700 ఏళ్ల కిందటివి. తూకానికి అమ్మితే పెద్దగా ఏమీ రాదు. కాని ఏ పొరలో, ఏ కుండలో, ఎట్లా దొరికాయో రాసి పెట్టారు. అందుకే అవి మన చరిత్ర చెబుతున్నాయి. దొంగచాటుగా తవ్వితే ఆ కథ పోతుంది. ఉత్త సీసం మిగులుతుంది.

నిజంగానే దొరికితే?

ఒక్కోసారి వెతకకుండానే దొరుకుతుంది. 2021లో జనగామ జిల్లా పెంబర్తిలో భూమి చదును చేస్తుంటే బిందె బయటపడింది. అందులో సుమారు 19 తులాల బంగారం, కిలోన్నరకు పైగా వెండి నగలు ఉన్నాయి. అధికారులు వచ్చి, తూకం వేసి, స్వాధీనం చేసుకున్నారు.

ఇంగ్లండులో 2009లో టెర్రీ హెర్బర్ట్ అనే ఆయన డిటెక్టరుతో ఒక రైతు పొలంలో వెతికాడు. రైతును అడిగే వెతికాడు. పాత బంగారం కుప్పగా దొరికింది. దాచుకోలేదు, అధికారులకు చెప్పాడు. దాని విలువ 32 లక్షల 85 వేల పౌండ్లని తేల్చారు. ఆ డబ్బు ఆయనకు సగం, రైతుకు సగం వచ్చింది.

మన దేశంలో నిధి గురించి 1878లోనే చట్టం వచ్చింది. పది రూపాయల కన్నా ఎక్కువ విలువైన నిధి దొరికితే కలెక్టరుకు రాసి ఇవ్వాలని ఆ చట్టం అంటుంది. నోటితో చెబితే చాలదు, రాత ఉండాలి. ఏం దొరికింది, ఎక్కడ, ఏ రోజు, విలువ సుమారు ఎంత - ఇవి రాయాలి. సొంతదారు ఎవరూ తేలకపోతే దొరికిన మనిషికి నాలుగింట మూడు వంతులు, భూమి యజమానికి ఒక వంతు అని అందులో ఉంది. ప్రభుత్వం కావాలనుకుంటే వెల కట్టి తీసుకోవచ్చు. దాచిపెడితే వాటా పోతుంది. ఏడాది దాకా జైలు కూడా పడవచ్చు.

కూలికి పోయిన ఆడమనిషికి దొరికినా చట్టంలో దొరికిన మనిషి ఆమే. మేస్త్రి కాదు, మిషను తెచ్చినవాడు కాదు. "నీకేం తెలుసు, ఇటివ్వు" అంటే ఇవ్వొద్దు. నలుగురిని పిలవాలి. వాళ్ల ముందే వస్తువులు లెక్కపెట్టాలి. అదే రోజు కాగితం రాయాలి. సంతకం నేర్చిన చేయి ఈ కాగితం కూడా రాయగలదు.

ఇట్లా రాయండి

జిల్లా కలెక్టర్ గారికి,
తహశీల్దారు గారి ద్వారా.

అయ్యా / అమ్మా,

నా పేరు ............ . మా ఊరు ............, కేతేపల్లి మండలం, నల్గొండ జిల్లా. తేదీ ............ నాడు ............ గారి భూమిలో పని చేస్తుండగా నాకు ఈ వస్తువులు దొరికాయి: ............ . వీటి విలువ సుమారు ............ రూపాయలు ఉండవచ్చు. చూసిన వాళ్లు: ............, ............ . వస్తువులు ఇప్పుడు ............ దగ్గర భద్రంగా ఉన్నాయి. ఈ కాగితం అందినట్టు రసీదు ఇప్పించగలరు.

సంతకం

రెండు ప్రతులు రాయండి. ఒకటి ఆఫీసులో ఇవ్వండి. రెండో దాని మీద ముద్ర వేయించుకొని ఇంట్లో దాచుకోండి.

కొత్త మాటలు

పసిగట్టడం - కనిపెట్టడం
పురావస్తు శాఖ - పాత కాలం వస్తువులను, కట్టడాలను కాపాడే ప్రభుత్వ శాఖ
ప్రతి - నకలు, కాపీ
రసీదు - అందిందని రాసి ఇచ్చే కాగితం

మాట్లాడుకోండి

1. మిషను ఏం చెప్పగలదు? ఏం చెప్పలేదు?
2. మీ ఊరికి ఎవరైనా నిధి పేరుతో వచ్చారా? అప్పుడు ఏం జరిగింది?
3. మీ ఊళ్లో పాటిగడ్డ, రాకాసి గుళ్లు ఉన్నాయా? వాటిని ఎవరు కాపాడాలి?

రాయండి

పని చేస్తుంటే మీకు పది పాత నాణేలు దొరికాయి అనుకోండి. పైన ఉన్న కాగితంలో ఖాళీలు నింపండి. పక్కనున్న అక్కకు చదివి వినిపించండి.