కొరమీను పథ్యము

హైదరాబాదు నగరమున ఆబిడ్సు చెంత గన్‌ఫౌండ్రీ యను పేట కలదు. 18వ శతాబ్దపు చివర నిజాము కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండు ఇచట ఫిరంగులు పోతపోయించెను. ఆ పేరు అందువలననే వచ్చినది.

ఆ పేటలో నొక తల్లి జ్వరపడి లేచెను. ఏ వంటకమును ఆమె నోటికి హితవు కాకుండెను. ఎనిమిదవ తరగతి చదువు కుమారుడు ఆమెకై కొరమీను వండబూనెను. ముల్లు తీసిన తెల్లని ముక్కలకు ఉప్పు, పసుపు, మిరియపు పొడి, నిమ్మరసము పట్టించెను. బంగాళాదుంపలను బిళ్లలుగా తరిగి నూనె పూసెను. రెంటిని ఒక్కమారే ఓవెనులో పెట్టబోవగా తల్లి వారించెను.

“నాయనా! దుంప గట్టిది, దానికి అరగంట కావలెను. చేప కండలో నరములు తక్కువ, పావుగంట చాలును. కలిపి పెట్టినచో దుంప ఉడుకునప్పటికి చేప యెండిపోవును.”

బాలుడు దుంపలను 200 డిగ్రీల వేడిలో అరగంట యుంచెను. అవి మెత్తబడిన పిదప వానిపై చేపముక్కలు పరచి, మరి పావుగంట కాల్చెను. కండ పొరలుగా విడివడినంతనే, మందపు గుడ్డతో పళ్లెమును పట్టి వెలుపలికి తీసెను.

నాడు తల్లి కడుపార భుజించెను. ఫిరంగిని పోయుటకు మహాగ్ని వలయును. రోగికి వండుటకు మితాగ్నియు, దాని చెంత ఓర్పుతో నిలుచువాడును వలయును.