మౌసు వేగము – గురి – వ్యస్త త్రైరాశికము

గురి తప్పినప్పుడెల్ల ఖరీదైన క్రొత్త మౌసు కొనిపెట్టుమని పిల్లవాడు మారాము చేయును. "చదువు మాని ఈ ఆటలేమి?" అని మనము కసరుదుము. ఖటక్ చించోళిలోనైనను, పట్నములోనైనను ఈ తగవు ఒక్కటియే. ఇరువురును ఒకమారు ఆగి స్కేలును, కాగితమును చేతబట్టినచో ఆ తగవే గణిత పాఠమగును; వృథావ్యయమును తప్పును.

మౌసును ఒక అంగుళము జరిపినప్పుడు అది కంప్యూటరునకు పంపు లెక్కల సంఖ్యను డి.పి.ఐ. అందురు. ఒక్కొక్క లెక్కకు ఆటలోని చూపు ఎంత తిరుగవలెనో 'సెన్సిటివిటీ' అను అంకె నిర్ణయించును. ఈ రెంటి లబ్ధమే అసలు వేగము.

ఉదాహరణము: 'కౌంటర్-స్ట్రైక్' ఆటలో సెన్సిటివిటీ 1 అయినచో ఒక లెక్కకు చూపు 0.022 డిగ్రీలు తిరుగును. డి.పి.ఐ. 800 అయినచో, 360 డిగ్రీలు తిరుగుటకు మౌసును సుమారు 52 సెంటీమీటర్లు జరుపవలెను. సెన్సిటివిటీ 2 చేసినచో 26 సెంటీమీటర్లే చాలును. అప్పుడు తిరుగుట సులభమే గాని, చేయి రవంత వణకినను గురి చెదరును.

ఇక డి.పి.ఐ. 1600 చేసి పూర్వవేగమునే నిలుపవలెనన్న సెన్సిటివిటీ ఎంత? 800 × 1 ÷ 1600 = 0.5. ఒకటి పెరిగినకొలది రెండవది తగ్గు ఈ లెక్కయే వ్యస్త త్రైరాశికము. మళఖేడ రాజధానిగా ఏలిన అమోఘవర్షుని కాలమున, 9వ శతాబ్దమునందు, మహావీరాచార్యుడు 'గణితసార సంగ్రహము'న దీనిని బోధించెను. ఆ గ్రంథమును 11వ శతాబ్దమున పావులూరి మల్లన తెనిగించెను. కన్నడ నేలపై తెలుగు చదువుకొను మన బిడ్డలకు ఇది ఇరువైపుల పిత్రార్జితము గదా!

ఆచరణ క్రమము:

1. విండోసులో 'ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్' అనుదానిని తీసివేయవలెను. అది యున్నచో, మౌసును ఒకే దూరము జరిపినను చేతి వేగమునుబట్టి ఫలితము మారుచుండును.

2. చూపు ఒక చుట్టు తిరుగుటకు పట్టు దూరమును స్కేలుతో కొలిచి వ్రాసికొనవలెను.

3. గురి మాటిమాటికి లక్ష్యమును దాటిపోవుచున్నచో సెన్సిటివిటీని కొంచెము తగ్గింపవలెను. లక్ష్యమునకు ఇవతలనే నిలిచిపోవుచున్నచో కొంచెము పెంపవలెను.

4. కుదిరిన అంకెను కొన్నాళ్లు మార్పరాదు. దినమున కొక కొలత యైనచో చేతికి అభ్యాసము పట్టదు.

5. మణికట్టు నొచ్చినచో ఆట ఆపవలెను.

తలిదండ్రులారా! లెక్క పిల్లవానిచేతనే వేయించి, కొలత మీరు సరిచూడుడు. ఆ పిమ్మటను మౌసు మార్చవలసిన పని కనబడినచో, అప్పుడే కొనుటను గూర్చి ఆలోచింపవచ్చును.